ఎనిమిది నోళ్ళు, ఒక పన్ను

పల్లావరం శుక్రవారం సంతలో
రెక్కలు ఊడిన ఫ్యాన్లకీ, జత తప్పిన చెప్పులకీ నడుమ
గోనెపట్టా మీద కూర్చుని ఉంది
ఒకదాని మీద ఒకటిగా రెండు కళ్ళతో.

రోలీకార్డ్. జర్మన్‌ది, అన్నాడు కాజా భాయ్.
తొమ్మిది వేలు. పైసా తగ్గదు.

నాకు లెక్క రూపాయల్లో రాదు, పళ్ళలో వస్తుంది.
కీల్పాక్‌లో ఓ మేడ కింది గదిలో
పంతొమ్మిదేళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్నాను.
సాయంత్రం ఆరు దాటాక చేసిన పంటికి నలభై.
అంటే రెండు వందల పాతిక పళ్ళు.
ఎనిమిది నిండు నోళ్ళు, పైన ఒక్క పన్ను.

అంతకు ముందు అయిదు కొన్నాను, చవగ్గా వస్తున్నాయని.
ఒకదానిలో చీమలు కాపురం పెట్టాయి.
ఒకదాని తిత్తిని దీపానికి ఎత్తిపడితే
అమావాస్య నాటి ఆకాశమే, అన్ని చిల్లులు.
మిగతావాటి సంగతి అడక్కండి.
ఈసారి ఒక్కటే, మంచిది, అనుకున్నాను.
ఫోనులోనే నాలుగున్నాయి కదక్కా, అన్నాడు
తమ్ముడు ధనుంజయ. ఉన్నాయి.

వారానికి ఎంత వీలైతే అంత ఇవ్వు,
ఎవరికీ అమ్మను, అన్నాడు భాయ్.
ఒకటే షరతు. ప్రతి శుక్రవారం వచ్చి
నువ్వే షటర్ కొట్టి వెళ్ళాలి,
లేకపోతే లోపల గ్రీజు గడ్డకడుతుంది.

చేట్‌పట్ స్టేషన్ దగ్గర షేర్ ఆటో మానేశాను.
కాఫీ మానలేదు. అబద్ధమెందుకు,
రెండు రోజులు మానేసి తలనొప్పి తెచ్చుకున్నాను.
ప్లాస్టర్ పొడి డబ్బా కడిగి డబ్బులు దాచాను.
ఎంత కడిగినా నోట్లకి తెల్లపొడి.
భాయ్ ఒక్కో నోటూ ఉఫ్‌మని ఊది లెక్కపెట్టేవాడు.

తర్వాత నా వంతు.
మీనంబాక్కంలో దిగే విమానం
మా నెత్తి మీంచి పోయేదాకా ఆగి
ఒక సెకను మీద పెట్టి మీట నొక్కితే
లోపల ఒక తుమ్మెద లేచి, జుమ్మని తిరిగి,
తన చోట తాను కూర్చునేది.
ఆ ఒక్క సెకను కోసం
తెల్లవారుజామున అయిదున్నర రైలు.

వరదొచ్చిన వారం సంత లేదు.
అద్దం మీద బూజు పాకుతున్నట్టు కలలు.
పై శుక్రవారం చెప్పాడు,
బియ్యం డబ్బాలో పెట్టానమ్మా,
ఇంట్లో ఆవిడ నన్ను తిట్టని తిట్టు లేదు.

నలభై ఒకటో శుక్రవారం
చివరి నలభై చేతిలో పెట్టాను. ఆ ఒక్క పన్నూ.
పాత పేపరులో చుట్టబోతే వద్దన్నాను.
అక్కడే మూత తెరిచి తల వంచాను.
దీన్ని తల వంచే చూడాలి,
కళ్ళెగరేసి చూస్తే ఏమీ కనిపించదు.

అరచేతంత గాజు మీద సంతంతా.
కుడికి పోయే బండి ఎడమకి పోతోంది.
అమ్మేవాళ్ళ అరుపుల్లేవు, రంగులు మాత్రం తడితడిగా.
నేను చేసిన పళ్ళు ఎన్ని వేల నోళ్ళలో ఉన్నాయో,
ఒక్క నవ్వూ చూసిన పాపాన పోలేదు.
నా దగ్గరికొచ్చేవి సున్నపు దవడలే.

నవ్వు భాయ్, అన్నాను.
నవ్వాడు.
పై వరుసలో కోరపన్ను లేదు.
నలభై వారాలు డబ్బులు లెక్కపెట్టిన నోరు,
ఎలా చూడలేదో.

నేను చేసిస్తాను, ఊరికే, అన్నాను.
వేణ్డామ్మా, అన్నాడు.
బేరగాళ్ళని పిలిచే ఈల ఆ సందులోంచే వస్తుందట.

రీలుకి పన్నెండు బొమ్మలు.
మూడు నెలలైంది, నాలుగే తీశాను.
మాత్రల సీసాల్లోని తేమ పొట్లాలు పోగుచేసి
దాని పక్కన పడుకోబెట్టాను.
రాత్రి దీపం ఆర్పే ముందు ఒకసారి తుమ్మెద.

ఇప్పుడు శుక్రవారాలు ఊరికే పోతాను.
మొన్న టార్పాలిన్ మడతలో
ఇంకో తోలు పెట్టె మూల కనిపించింది.
ధర అడగలేదు.
డబ్బాలో అప్పటికే మూడు పళ్ళున్నాయి.