ఆడిట్ అభ్యంతరానికి జవాబు

అయ్యా,
పౌరశాస్త్ర బోధన బలోపేతం కోసమని
మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఖాతాల
ఫిబ్రవరి ఇరవై ఆరున పడ్డ గ్రాంటు
పద్దెనిమిది వేల ఐదువందలు.
మార్చి ముప్పై ఒకటి లోపల ఒడవగొట్టాలె.
ముప్పై నాలుగు దినాలల్ల
డెబ్బై ఐదేండ్ల పాఠం.

మీరు మూడు చోట్ల ఎర్రగీత గీసి పంపినరు.
వరుసగ చెప్త. వరుస తప్పితే మన్నించుండ్రి,
నేను సోషల్ సారును, లెక్కల సారును గాను.

ఒకటి: ఆటో కిరాయి తొమ్మిది వందలు, బిల్లు లేదు.
నిజమే.
తొమ్మిదో తరగతి పిల్లలు పంతొమ్మిది మంది, రెండు ట్రిప్పులు,
డిండి వాగు దాటి మండలాఫీసు చూడబోయినం.
ఆటో రూప్లాది. ఆయన బిడ్డ నా క్లాసులనే కూసుంటది.
బిల్లు అడిగితే అరచెయ్యి చూపిండు:
"ఇదే సారూ, నా బిల్లుబుక్కు."
జతపరచడానికి వీలు కాలేదు.

ఆఫీసు బెంచీ మీద మూడు గంటలు కూసున్నం.
పుస్తకంల స్థానిక స్వపరిపాలన రెండు పేజీలు,
బెంచీ మీద చాన పొడుగు.
ఎవరొస్తే కుర్చీ జరుపుతరో
ఎవరొస్తే తల ఎత్తరో
పిల్లలు నోట్సు రాసుకున్నరు, నేను చెప్పకుండనే.
దానికి పైస ఖర్చు కాలే,
అందుకే మీకు కనబడలే.

రెండు: ఫ్లెక్సీ ఎందుకు కొట్టించలేదని.
మార్గదర్శకాలల్ల ఆరో అంశం, ఎనిమిది బై నాలుగు.
పిల్లలు ఓటేసినరయ్యా,
నూనె డబ్బా మూతకు చీలిక కోసి.
ఫ్లెక్సీకి నాలుగు.
బడి బోరు నీళ్లు పరీక్షకు పంపాలని పదకొండు.
మూడు చీటీలు తెల్లగ వచ్చినయ్.
ఒక చీటీల "చికెన్" అని ఉన్నది.
చెల్లదని పక్కన పెడితే
మూడావత్ గణేశు లేచి నిలబడ్డడు:
"ఎందుకు చెల్లదు సార్, అది గూడ కోరికే గద!"
ఒక పీరియడు దానికే పోయింది.
సిలబసు వెనకబడ్డ మాట వాస్తవం.
నీళ్ల పరీక్ష బిల్లు జతపరిచిన. రిపోర్టు గూడ.
రిపోర్టు మీరు అడగలేదు.

మూడు: ఐదు రూపాయలు.
"కోర్టు ఫీజు స్టాంపు, ఒకటి" అన్న కాడ
రెండు ప్రశ్నార్థకాలు పెట్టినరు.
తొమ్మిది వందలకు ఒక్కటే పెట్టి!

మా వరండాల ఒక శిలాఫలకం ఉన్నది,
బడికి నీళ్ల శుద్ధి యంత్రం మంజూరని.
యంత్రం లేదు.
ఆ రాయికే వీపు ఆనిచ్చి నాలుగేండ్లు
పిల్లలు మధ్యాహ్నం పూట అన్నం తిన్నరు.
ఎవ్వరం చదవలే. నేను గూడ.
రమావత్ చాందిని చదివింది.
పండ్ల మీద గోధుమ చారలున్న పిల్ల,
మాట్లాడితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటది.
ఆ చెయ్యి తీసి అడిగింది:
"సమాచార హక్కు పరీక్షకా సార్, నిజానికా?"

పరీక్షల రెండు మార్కులని నాకు తెలుసు.
రెండో సంగతి తెల్వదు.
అర్జీ ఆమెనే రాసింది.
నేను ఒత్తులు దిద్దిన, మొదట్ల "దయతో" అని చేర్చిన.
దిద్దుడు ఉంచింది,
దయను కొట్టేసింది.

ముప్పై దినాలు దాటినయ్, జవాబు రాలే.
గ్రాంటు అయిపోయింది.
అప్పీలుకు ఫీజు ఉండదని గణేశే కనుక్కొని వచ్చిండు.

ఇగ, స్టాంపు రసీదు అసలు ప్రతి పంపమన్నరు.
పంపలేను.
పిల్లలు దాన్ని మైదాపిండితోని క్లాసు గోడకు అంటించినరు.
దాని కింద దినానికొక పెన్సిలు గీత.
ఎండాకాలం సెలవులల్ల బడికి తాళం,
గీతలు మాత్రం ఒక్కటి తప్పలే.
ఎవరొచ్చి గీసినరో, కిటికీల నుంచి ఎట్ల దూరినరో
నేను విచారించలే.
ఇప్పుడు పీకితే సున్నం ఊడుతది.

తనిఖీకి మీరే రావాలె.
బస్టాండు కాడ రూప్లా ఆటో ఉంటది.
బిల్లు అడగకుండ్రి.