ఉప్పు లెక్క

మా ఇసకపల్లిలో ఎవరి ఒళ్ళు నాకినా ఉప్పే.
కయ్యల్లో దిగినోడి పిక్కలు, చీర కుచ్చిళ్ళు,
కడవ మూతి, ఆఖరికి కుక్క తోక.
అందుకే పిల్లోడి నుదురు ముద్దుపెట్టుకున్నప్పుడు
పెదాలకి తగిలిన కరకర
మాకు రోగంలా తోచలేదు.
మావాడే అనుకున్నాం.

నెల్లూరులో డాక్టరమ్మ వాడికి చెమట పట్టించి కొలిచింది.
"మీది మేనరికమా?" అంది.
నేను గోడ మీది క్యాలెండరు చూశాను.
సుగుణ నన్ను చూసింది.
మా ఇద్దరికీ తాత ఒక్కడే, ఉప్పు కావిళ్ళు మోసినోడు.
ఆయన రాసిపోయిన ఆస్తి ఇది,
రెండు వాటాలూ కలిస్తేనే చేతికొచ్చేది.

రాత్రి పదకొండు.
వాడి చూపుడువేలికి ఎర్రలైటు క్లిప్పు.
తొంభై నాలుగు. తొంభై మూడు.
దూరంగా కయ్యలకి నీళ్ళు తోడే ఇంజను
తడబడకుండా కొట్టుకుంటా ఉంది.
వాడి ఊపిరి మాత్రం అడుసులో సైకిలు,
కూరుకుని, లాక్కుని, ఆగి.
ఆగినప్పుడు నేనూ ఆపుతాను.
ఎనభై తొమ్మిది.
నాకంటే ముందు వాడే తీసుకుంటాడు, పెద్ద గురకతో.
ఒకప్పుడు ఈ గురక విని మా అత్త మురిసిపోయింది:
"బిడ్డ ఎంత సుకంగా నిద్దరపోతన్నాడో చూడండబ్బా!"

ఊదుడు పరీక్షలో తెర మీద కొవ్వొత్తులు, ఆర్పాలి.
ముక్కుకి క్లిప్పు, నోట్లో గొట్టం,
మెడ నరాలు తాళ్ళయ్యేదాకా ఊదాడు.
నిరుడు ఏడు. ఈసారి ఐదు.
"మిగతా రెండూ గాలికి ఆరిపోతాయిలే నాన్నా"
అని నాకే ధైర్యం చెప్పాడు.

"పగటి ఊపిరి వేరు, నిద్ర ఊపిరి వేరు" అంది డాక్టరమ్మ.
"పగలు వాడు లాక్కుంటాడు.
రాత్రి ఆ లాక్కునేవాడు కూడా నిద్రపోతాడు."

తెల్లారుజామున వీపు తట్టాలి,
అరచేతులు దొప్పలు చేసి.
మడి అడుగు రాయిలా గట్టిపడేదాకా తొక్కిన ఒళ్ళు నాది.
ఈ పక్కటెముకల మీద ఎంత బరువు వెయ్యాలో
చేతులకి నేర్పడానికి మూడు నెలలు పట్టింది.
జిగురు కదుల్తుంది. పళ్ళెంలో ఉమ్ముతాడు.
ఆ తర్వాత మెషిను పొగ. అదీ ఉప్పునీళ్ళే.
"మన కయ్యలోయేనా?" అనడిగాడు మొదటిరోజు.
కాదురా, మందుల షాపులో కొన్నయ్యి.
దగ్గొచ్చేదాకా నవ్వాడు:
"ఉప్పమ్మేవోళ్ళం, ఉప్పు కొంటన్నామా!"

బస్తాల లెక్క రాసే నోటుబుక్కులోనే
వెనక అట్ట వైపు నుంచి రాత్రులు రాస్తన్నాను.
ముందు నుంచి బస్తాలు,
వెనక నుంచి ఈ అంకెలు.
మధ్యలో ఇంకా తెల్లకాయితాలున్నాయి.
ఎన్నో
నేను లెక్కపెట్టలేదు.