రెండు బిందెలు

మధ్యాహ్నమే సరిచూసుకున్నా.
పెద్ద గొట్టంలోనూ, దాని వీపు మీది చిన్న గొట్టంలోనూ
ఎర్రమల కొస మీది సెల్ టవర్
ఒక్క చోటికి వచ్చేదాకా
మూడు మరలూ బిగించి, వదిలి, మళ్లీ బిగించి.
టవర్ తలకిందులుగా వేలాడింది. వేలాడనీ.
చంద్రునికి కింద ఏది, మీద ఏది?

కెమెరా అంటే కెమెరా కాదు.
ఫక్రుద్దీన్ సెల్ రిపేరు అంగట్లో
పారేయబోయిన వెబ్‌క్యామ్.
దాని కంటి అద్దం ఊడబీకి
పాత ఫిలిం రోల్ డబ్బీ అడుగు కోసి అతికించినాడు.
ఆ డబ్బీ గొట్టం మూతిలోకి ఎంత కరెక్టుగా దిగిందంటే
ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు.
"కొలత ఇచ్చి చేయించినట్టు ఉండాదే మద్దిలేటీ"
అన్నాడు చివరికి, ఎవరన్నా వింటారేమో అన్నంత మెల్లగా.

బేతంచెర్లలో దుమ్ము తొందరపడదు.
ఫ్యాక్టరీలు పదికి ఆగినా
పదకొండు దాకా దిగుతానే ఉంటాది, తెల్లగా.
అద్దాన్ని తువ్వాలతో తుడవకూడదని
నాకు ఎవరూ చెప్పక్కర్లా.
పదహారేండ్లు పాలీషు మిషన్ కాడ నిలబడినోన్ని.
ఒక్క ఇసుక రేణువు బండ మీద ఎంత దూరం నడుస్తాదో,
ట్యూబులైటు కింద ఎట్లా దొరికిపోతాదో నాకు తెలుసు.

అసలు తంటా మిద్దెతోనే.
పగలంతా ఎండ తాగిన నాపబండలు
రాత్రికి గాని ఊపిరి వదలవు.
ల్యాప్‌టాప్ తెర మీద చంద్రుడు
ఎసట్లో బియ్యం మాదిరి కుతకుత.
ఒక్క గుంత అంచూ నిలవదు.

అందుకే రెండు బిందెలు పోస్తిని.
మిద్దె బుస్సుమనింది.
కింద నుంచి మా అమ్మ సుంకులమ్మ:
"ట్యాంకరు వచ్చి నాలుగు దినాలు.
ఎవురికిరా పోస్తివి ఆ నీళ్లు?"
చంద్రునికి అని ఎట్లా చెప్పేది.
"బండలకు" అంటి.

ముందు గురుడు.
చూపు కుదరకముందు వాడు వడ. నడుమ చిల్లితో సహా.
మర తిప్పితే గొట్టమంతా వణుకుతాదని
బట్టల క్లిప్పు ఒకటి మరకు కరిపించి
దాని కొసను చిటికెన వేలితో
అంటీ అంటకుండా...
వడ బిళ్లయింది, బిళ్ల బటానీ గింజయింది,
గింజ మీద రెండు గీతలు, రంపం పోయిన జాడల్లే.
చూస్తాండగానే జారిపోయినాడు.
మోటారు లేదు మా గొట్టానికి.
తోస్తి. జారె. మళ్లీ తోస్తి.
భూమి తిరుగుతాదని ఆరో తరగతిలో రాసి
రెండు మార్కులు తెచ్చుకున్నోన్నే.
ఇంత వేగంగా పోతాదని
చేతికి తెలిసింది మాత్రం ఇప్పుడు.

రెండు నిమిషాలకు మూడువేల బొమ్మలు.
గాలి ఒక్క రెప్పపాటు నిలబడినవే ఏరాల.
ఏరడం మాకు కొత్తా?
ఫస్టు, సెకండ్సు, బయట గుట్ట పోసే ముక్కలు.
రెండొందలు నిలిచినాయి.
వాటిని అంచుకు అంచు కలిపి పేరిస్తే
గీతలు తేలినాయి, ఒకటి కొంచెం వంకరగా.

ఆమె మెట్లెక్కి వచ్చింది, నడుమున ఇంకో బిందెతో.
తెరలోకి వంగింది.
"ఏందిరా, నీళ్లల్లో ఉండాడే!"
"నీళ్లు కాదుమా, గాలి."
"ఈ నల్లంది చెరువా?"
"సముద్రమంటారు దాన్ని. చుక్క నీళ్లు లేవు."
"పేరు మటుకు సముద్రమా?"
కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
"మరి ట్యాంకరోడు పోడా ఆడికి?"
ఫక్రుద్దీన్ నవ్వుకు కాలు తగిలి
చంద్రుడు తెర దాటిపోయినాడు.

సగమే ఉన్న ఆ బిందె
పిట్టగోడ మీద పెట్టి దిగిపోయింది,
తెల్లారి టీకి కొంచెం మిగల్చమని.

బండల తడి అంచుల నుంచి లోపలికి ఆరుతాంది.
నొక్కు, అన్నా ఫక్రుద్దీన్‌తో,
నవ్వడం తరువాత.