ఏడో నెల పానం

ఏడో నెలల పుట్టిన. జొన్నకంకంత ఉన్ననట.
దూదిల సుట్టి మా అవ్వ వాడకంత చెప్పింది:
"దీనిది నీళ్ల పానం, తాకకుండ్రి."
వాడ తాకలే.
ఆ మాటనే ఒంటికి కట్టుకొని పెరిగిన నేను.
వానల నిలవడలే,
సర్దైతదని సీతాఫలం ముట్టలే,
ఎండకాలం పొద్దుగాల సుత స్వెట్టరు.
నిజంగనే జరం వచ్చేది, నెలకోపారి,
పిలిచినట్టు,
పేరు వెట్టి పిలిచినట్టు.

ఎనుమాముల మార్కెట్ల
మిర్చి తొడిమెలు దీసే పని.
అక్కడ అందరు తుమ్ముతరు, తుమ్మి నవ్వుతరు.
నేను తుమ్మితే మాత్రం
లోపలెవరో రిజిస్టరు తెరిచి
"ఇగో, షురువైంది" అని రాసుకున్నట్టుండేది.

హమాలి కొంరెల్లిది ఇంకో తీరు.
బస్తా మీద బస్తా ఎత్తి
"మనది ఇనుప పానం అక్కా,
సూది ఎట్లుంటదో ఎర్కలే" అంటడు.
తడుస్తడు, ఆరుతడు, మళ్ల తడుస్తడు.
ఎవరి గిలాసల నీళ్లయిన తాగుతడు.
వాన్ని జూస్తే నాకు కోపం.
నాకియ్యాల్సింది సుత వానికే ఇచ్చిండా దేవుడని.

మొన్న ఎండకాలం కాంటల కాడ క్యాంపు వెట్టిండ్రు.
రక్తం దీసిన పిల్ల పేరు నుస్రత్.
కాగితం మీద ఏలు వెట్టి సూపెట్టింది:
తెల్ల కణాలు, ఏడువేల రెండొందలు.
"మంచిగున్నయ్ ఆంటీ, ఏం తక్కువ లేదు."
నేను కాగితం తిప్పి సూసిన,
వేరేటోళ్లదేమో అని.
పేరు నాదే. ఉప్పలమ్మ, నలభై ఆరు.

ఆ రాత్రి నిద్ర వట్టలే.
నలభై ఆరేండ్ల సంది
లోపల మోస్తనే ఉన్నరా వీళ్లు,
దినం రాత్రి, కూలి లేకుంట,
నేను తిడుతుంటే తలవంచుకొని,
ఏడువేల మంది హమాలీలు?

కొంరెల్లి క్యాంపుకు రాలే. "నాకెందుకక్కా."
కని వాడు దగ్గుతుండు.
రెండు నెలలాయె. మిర్చి ఘాటంటడు.
నాకు దగ్గులెర్క.
బతుకంత వాటినే విన్న మనిషిని నేను.
ఘాటు దగ్గు పైన్నే ఉంటది, ఉరుకుతది, పోతది.
ఇది ఆగి, ఊపిరి దీసుకొని,
అడుగు నుంచి తవ్వుతున్నది.
చెయ్యి వట్టి గుంజుకపోయిన.
డబ్బల ఉమ్మిచ్చింది నుస్రత్.

ఆర్నెల్ల గోళీలు రాసిండ్రు.
బస్తా మీద కూసోని, తన అరచేతులు జూసుకుంట అన్నడు:
"ఇనుమే అక్కా. తుప్పు వట్టింది."
నవ్విండు. నాకు నవ్వు రాలే.

భయపడంగ జరం వచ్చెనా,
జరం రాంగ రాంగ భయం పుట్టెనా?
నుస్రత్‌ను అడిగిన.
"అది కాగితంల రాదు ఆంటీ" అన్నది,
సూది మూత వెట్టుకుంట.

మొన్న ఒక సీతాఫలం కొన్న.
స్వెట్టరు ఏసుకునే తిన్న.
గింజలు ఒక్కొక్కటే ఉమ్మి లెక్కవెట్టిన, ముప్పైనాలుగు.
తెల్లారి ఒక తుమ్ము వచ్చింది.
ఆగి విన్న.
రిజిస్టరు తెరిచిన సప్పుడైతే కాలే,
కని మూసిన సప్పుడు సుత కాలే.