మూడడుగుల సందు

కేప్‌టౌన్ అంచున, ఇసుక నేల మీద లేచిన
రేకుల ఇళ్ళ బస్తీలో
నొక్వాండా దగ్గర ఒక తాడుంది.
పొడవు మూడడుగులు. ఈ కొసన ఒక ముడి, ఆ కొసన ఒక ముడి.
ఆదివారం ప్రార్థన ముగిశాక
పండగ చెప్పులతోనే బయల్దేరి
గోడకీ గోడకీ నడుమ చాచి చూస్తుంది.
బిగిస్తే సరే.
వేలాడిందా, తగువే.

దొంగకైనా ఎలుకకైనా పుకారుకైనా
సందు దొరికితే చాలు, దూరిపోతాయి.
నిప్పు తీరు వేరు,
సందు కనబడితే తడబడుతుంది.
దాటదని కాదు,
దాటే ముందు ఒక్క గుక్క ఆగుతుంది.
ఆ గుక్కలో
నిద్రపోతున్న పిల్లని చంకనేసుకోవచ్చు,
బకెట్టుడు ఇసుక చేతులు మారొచ్చు.

ఈ లెక్క ఆమెకి బడిలో రాలేదు.
ఆ డిసెంబరులో, ఆగ్నేయం నుంచి గాలి వీస్తుంటే
(ఊరంతా ఆ గాలిని ముద్దుగా డాక్టరంటారు,
కొండ మీది మబ్బునీ ఊళ్ళోని పొగనీ తుడిచేస్తుందని)
సీసా మూతిలో నిలబెట్టిన కొవ్వొత్తి ఒకటి పడింది.
వానలో మేకల్లా ఒరుసుకుని నిలబడ్డ ఇళ్ళు,
తెల్లారేసరికి నూటపది వాకిళ్ళకి
తలుపులు లేవు, గోడలు లేవు.
డాక్టరుగారు అటుపైన ఎటో వెళ్ళిపోయారు.

ఇల్లంటుకున్నాక బావి తవ్వేవాడి చుట్టూ
జనం మూగుతారు, ఫోటోలు తీస్తారు.
ముందే తవ్వేవాణ్ణి మాత్రం
దారికడ్డంగా ఈ గుంటేమిటని తిడతారు.

మ్జిమాసి కూడా తిట్టాడు.
కొడుకు పుట్టాడతనికి, లుఖాన్యో,
వాళ్ళ భాషలో వెలుగని అర్థం.
మంచమేస్తే ఉయ్యాల పట్టదు,
ఉయ్యాల పెడితే తలుపు తెరుచుకోదు.
నాలుగు రేకులు కొని, గోడని రెండడుగులు జరుపుతానన్నాడు.
"ఊరికే పడున్న జాగా! ఇందులో ఎవరు కాపురముంటున్నారు?"
"ఎవరూ ఉండకపోవడమే దాని పని," అంది నొక్వాండా.
"నీకు పిల్లల్లేరు కాబట్టి చెబుతున్నావు," అన్నాడు.
ఆమె తాడు చుట్టుకుంది, మాట్లాడలేదు.
అతనికి ఆ డిసెంబరు తెలియదు.
అప్పటికి ఈ బస్తీకి రాలేదు.

మర్నాడు పిలవకుండానే వచ్చి
గుమ్మంలో గొంతుక్కూర్చుంది.
పరదా కుచ్చు తగిలేంత దగ్గర కిరసనాయిలు స్టవ్వు.
పైకప్పుకి పొగ పసిగట్టే గంట ఉంది గానీ
దాని బ్యాటరీ ఫుట్‌బాల్ మ్యాచి రోజున
రేడియోలోకి మారిపోయింది.
అడక్కుండానే పరదా కత్తిరించింది, జానెడు.
స్టవ్వుని ఇటుకల మీదికి ఎక్కించింది.
రేడియో వంక చూసింది, అంతే.
మ్జిమాసి గొణుక్కుంటూ బ్యాటరీ ఊడదీశాడు.

ఉయ్యాలకి చోటు మాత్రం దొరకలేదు.
అందుకని పగలు ఆ సందులోనే పెట్టారు,
రెండు రేకు గోడల నడుమ పలచటి నీడలో,
చీకటిపడగానే లోపల మంచం మీదికెత్తేవాళ్ళు.
ఆదివారం నొక్వాండా వచ్చి చూసింది.
కదిలేదైతే పరవాలేదంది.
పిల్లాడు తాడు ముడి పట్టుకుని వదల్లేదు.

ఫిబ్రవరిలో, గాలి ఊళ పెట్టిన ఒక రాత్రి,
వెనక వరసలో ముసలి సిపోకాజీ స్టవ్వు ఒరిగింది.
గంట అరిచింది. ఇసుక పరుగెత్తింది.
ముసలమ్మ దుప్పటితో, ఒక కోడితో బయటపడింది.
ఇల్లు దక్కలేదు.

పొద్దున్నే నల్లటి చతురం ఒకటి, ఇంకా వెచ్చగా.
దాని చుట్టూ నాలుగు వైపులా
సిపోకాజీవి కాని గోడలు,
రంగు కాస్త పొక్కి, నిలబడే ఉన్నాయి.
ఒక పక్కింట్లో అప్పుడే టీ కాస్తున్నారు.

మ్జిమాసి నాలుగు రేకులు భుజానేసుకొచ్చాడు.
అరువుకేనని రెండుసార్లు చెప్పాడు.
మేకు నోట పెట్టుకుని సుత్తి ఎత్తబోతుంటే
నొక్వాండా తాడు విప్పి,
రెండో ముడి అతని చేతికిచ్చింది.