జానెడు చీకటి

నవంబరు నుంచి మార్చి దాకా నారిన్‌లో ఎవరూ బండి కడగరు.
పోసిన నీళ్ళు పోసినట్టే రాయవుతాయి.
చక్రాల మీద వేలాడే మంచుగడ్డల్ని
సుత్తి పిడితో రాలగొట్టడం, అంతే.
అవి పడ్డ చప్పుడుకి ఆసుపత్రి కుక్క
ప్రతిసారీ మొదటిసారిలాగే ఉలిక్కిపడేది.

ఏప్రిల్ వచ్చింది. నా వంతు వచ్చింది.
రొట్టె దిమ్మె లాంటి మా ముసలి అంబులెన్స్
పెరట్లో నా ముందు నిలబడింది,
పళ్ళు చూపించనని మొండికేసిన పిల్లాడిలా.

తలుపులూ అద్దాలూ ఎవరైనా కడుగుతారు.
మెరిసేవాటికి చాకిరీ చేసేవాళ్ళు ఎప్పుడూ దొరుకుతారు.
నా పని
చక్రానికీ రేకుకీ మధ్య జానెడు చీకటి.
చూపు పోదు. మోచెయ్యి దాటాక చెయ్యీ పోదు.
వెల్లకిలా పడుకుని, చెంప టైరుకి ఆనించి
వేళ్ళనే కళ్ళు చేసుకోవాలి.

పెద్ద డాక్టరు ఎసెన్‌కుల్ మెట్ల మీద టీ తాగుతూ అన్నాడు:
"అక్కడ ఎవరు చూస్తారు, బురుల్కాన్?
రోగులు పైకప్పు చూస్తారు, బంధువులు నా మొహం చూస్తారు."
"తుప్పు చూస్తుంది" అన్నాను.
ఆయన కప్పులోకి చూసుకున్నాడు.

రేకు మడత లోపల బురద పొరలు పొరలు.
పైన ఉప్పు. ఒకసారి నోట్లో పడింది, రుచి అడక్కండి.
దాని కింద డోలోన్ కనుమ బూడిదరంగు ఇసుక.
ఇంకా కింద ఆకురాలు కాలపు ఎర్రమట్టి,
ఎండుగడ్డి, గొర్రె బొచ్చు,
పొద్దుతిరుగుడు గింజల తొక్కలు. ఇవి మాత్రం డ్రైవరు ఓముర్జక్‌వి.
నడుపుతూ కిటికీలోంచి ఊస్తాడు,
గాలి తెచ్చి ఇక్కడ దాస్తుంది.

నా ఆయుధాలు చెబితే నవ్వుతారు:
వంచిన విల్లో కొమ్మ, దాని చివర గుర్రపుతోక వెంట్రుకలు,
అరిగిన పళ్ళ బ్రష్షు, ఒక సూపు గరిటె.
గరిటె కోసం వంటశాలలో ఇంకా వెతుకుతున్నారు.

మూడు చక్రాలు మాట విన్నాయి.
వెనక కుడిది వినలేదు.
రేకు మలుపు తిరిగే మూలలో ఏదో
గరిటెకి లొంగదు, బ్రష్షుకి చిక్కదు.
మెత్తగా ఉంది. బురదకి ఆ మెత్తదనం ఉండదు.
చచ్చిన ఎలుకనుకుని పట్టుకారుతో లాగాను.
మూరెడు వచ్చింది:
ఎరుపూ గోధుమరంగూ కలిపి కుట్టిన ఉన్ని పేలిక,
పొట్టేలుకొమ్ము ముగ్గు సగంలో తెగిపోయి.

షిర్దక్. మేము ఇంట్లో నేలమీద పరుచుకునేది.
తల్లీ కూతుళ్ళూ రెండు శీతాకాలాలు కుడితే గానీ
ఒకటి పూర్తవదు.
చక్రం కిందకి ఎవరు తోశారు?

ఓముర్జక్ కాస్త నసిగాడు.
"జనవరిలో. కనుమ దిగువన కూరుకుపోయాం.
లోపల నొప్పులు పడుతున్న మనిషి.
చక్రం తిరుగుతుందే తప్ప బండి కదలదు.
గొర్రెల కాపరుల గుడిసె ఒకటుంది. ముసలామె బయటికొచ్చి చూసింది,
లోపలికి వెళ్ళింది. చుట్టచుట్టి భుజాన మోసుకొచ్చి
చక్రం ముందు పరిచింది.
అతిథికి పరిచినట్టు. ముగ్గు పైకి ఉండేలా."
"తర్వాత?"
"ఎక్కాం, వెళ్ళాం. వంతెన దాకా కూడా ఆగలేదు, పిల్ల పుట్టేసింది."
"ఆమె పేరు?"
"పిల్లకి ఇంకా పెట్టలేదు అప్పటికి."
"ముసలామె పేరు."
గింజలు నమలడం ఆపాడు. అడగలేదట.

మూడు బకెట్లలో పిండాను.
మొదటి నీళ్ళు నల్లగా, రెండోవి మట్టిగా,
మూడోవి కొంచెం ఎర్రబడ్డాయి.
దాచుకుందామా అనుకున్నాను.
గోడకి తగిలిద్దామా అనుకున్నాను.
మధ్యాహ్నానికి ఉన్ని ఆరింది.
గుర్రపు వెంట్రుకలు విప్పేసి
కొమ్మ చివర దాన్ని చుట్టి, తీగతో బిగించి
కుడి వెనక చక్రం మూలలోకి తోశాను.

వెళ్ళింది.
పదకొండేళ్ళుగా నాకు అందని మలుపు దాకా వెళ్ళి
ఇనుము రంగు చూసి వచ్చింది.
దారి దానికి ముందే తెలుసు మరి.

సాయంత్రం ఫోను మోగింది.
ఆత్‌బాషీ వైపు ఎవరో గుర్రం మీంచి పడ్డారు.
కడిగిన బండి గేటు దాటీ దాటకముందే
మొదటి గుంటలో దిగి
నా పరికిణీ దాకా బురద చిమ్మి పోయింది.

కొమ్మని గోడకి ఆనించాను,
ఉన్ని తల పైకి ఉండేలా.