మంట చూడని గింజ

చిక్కడపల్లి సందుల
ముప్పై నాలుగేండ్లు కాఫీ గింజలు వేపిన.
ఇనుప డ్రమ్ము తిరుగుతుంటె
దాని ముంగట నేను తిరిగినట్టే లెక్క.
గింజ మొదటిసారి చిట్లిన చప్పుడు
నిద్రల కూడ గుర్తువడ్త:
పేలాల లెక్క కాదు,
ఎండిన కందికాయ పగిలినట్టు
చిన్నగ, పొదుపుగ.

మొన్న బస్తీ దవాఖానల
నర్సు శకుంతల జబ్బకు పట్టీ చుట్టి గాలి కొట్టింది.
నూట అరవై రెండు, కింద తొంభై ఎనిమిది.
"ఏం పని చేసేటోనివి ఆశన్నా?"
చెప్పిన.
నవ్వింది.
"గయితే ఆ గింజల్నే వేపకుంట తాగి సూడు.
పచ్చి కాఫీ. మంచిదంటున్నరు.
దినాం ఒక్క గ్లాసే, ఎక్కువైతే గుండె దడ.
గోలీలు మాత్రం బంద్ చెయ్యకు."

వేపకుంట!
ఒక్క మాటతోని
నా బతుకంతటికీ ఎసరు పెట్టింది.

ఇంటికాడ మనుమరాలు ఫోన్ల చదివి వినిపిచ్చింది.
పచ్చి గింజల ఏదో ఆమ్లం ఉంటదట,
బీపీని జరంత దించుతదట,
షుగర్‌ను ఎగరనియ్యదట,
పొట్ట కూడ తగ్గొచ్చునట.
"అట"లు లెక్కవెట్టుకుంట కూసున్న.
ఆఖరికి ఒక్క మాట "అట" లేకుంట చదివింది:
"వేపితే అది చానావరకు పోతది తాతా."

అంటే
ముప్పై నాలుగేండ్లు పొగగొట్టంల నుంచి
గల్లీ మీదికి నేను పంపింది మందా?
పొట్లం కట్టి అమ్మింది వాసననా?

పద్మారావునగర్ నుంచి ఆటోల వచ్చే
అలమేలు మామి యాదికొచ్చింది.
పీబెర్రీ, ఎనభైకి ఇరవై చికోరీ,
"ఇంకొంచెం నల్లగా వేపు ఆశన్నా" అనేది.
ఆమెకు ఇప్పుడు తొంభై ఒకటి.
రెండంతస్తులు కట్టె లేకుంట ఎక్కుతది.
ఈ లెక్క నాకు తెగలే.

రాత్రి పిడికెడు గింజలు నానేసిన.
అరకు సరుకు. సేటు పైసల్ తీసుకోలే,
"నువ్వు కూడనా?" అన్నట్టు ఒకసారి చూసిండు, గంతే.
తెల్లారి మరగవెట్టి వడగడితె
పెసలు ఉడికిన నీళ్ళ రంగు.
తడిసిన గోనెసంచి వాసన.
తాగితె, వాన వెలిసినంక
ఇందిరా పార్కుల గడ్డి నమిలినట్టున్నది.
మా ఇంటామె ఒక గుక్క నోట్లె వోసుకుని
సింకు దిక్కు ఉరికింది.
"ఇది కాఫీ కాదు,
కాఫీ తల్లి కడుపుల ఉన్నప్పటి ఉమ్మనీరు" అన్నది.
ఆమె బడికి పోలే. గిట్ల మాట్లాడుతది.

మూల మీది ఇరానీ హోటల్ల
గౌస్ భాయ్‌కి ఎట్ల తెలిసిందో తెలిసింది.
"క్యా ఆశన్నా, హరా కాఫీ?
అగ్లే హఫ్తే ఘాస్ చరేగా క్యా?"
అరచెంచ చక్కెర తక్కువేసి
చాయ్ నా ముంగటకి జరిపిండు.
సగం తాగిన.
ఈ సగం సంగతి శకుంతలకు చెప్పొద్దు.

అయినా ఆరు వారాలు తప్పలే.
నాలుగో వారంల ఆ చేదు నాలికకు దోస్తు అయింది.
ఒక్కో పొద్దు గ్లాసు అడుగున
నానిన గింజ ఒకటి మిగిలేది.
అరచేతుల వేసుకుని చూసేటోన్ని.
ఎన్ని లక్షలు ఈ చేతుల నుంచి పోయినయో,
ఒక్కటి కూడ పచ్చిగ ఆగి
నా మొఖం చూడలే.

మళ్ళ పట్టీ, మళ్ళ గాలి.
నూట నలభై ఎనిమిది, తొంభై రెండు.
"ఉప్పు తగ్గిచ్చినవా? నడుస్తున్నవా?
గోలీలు సరిగ్గ మింగుతున్నవా?
అన్నిట్ల ఏదో ఒకటి పనిజేసింది" అన్నది శకుంతల.
"పచ్చి కాఫీ" అన్న.
రాసుకున్నది.

ఆమెకు చెప్పనిది ఒకటున్నది.
సాయంత్రం ఐదుకు రాంనగర్ల బయలెల్లి
చిక్కడపల్లి దాక నడుస్త.
దుకాణం ఎదురుంగ, మందుల షాపు మెట్టు మీద నిలవడ్త.
లోపట కొత్త పోరడు డ్రమ్ము తిప్పుతుంటడు.
బస్సుల హారన్లు, ఆటోల లొల్లి,
వాటి మధ్యల్నుంచి కూడ వినవడ్తది
ఆ మొదటి చిట్లుడు.
వేళ్ళ మీద లెక్కవెడ్త.
తియ్యి బిడ్డా, ఇప్పుడు తియ్యి.

వాడు తియ్యడు.
అర నిమిషం లేటు.
రోజూ గంతే.